కుళ్లాయప్ప అతికించిన కాయితం

మా తాత కుళ్లాయప్పకు ఒక గొప్ప ఉండేది. గోరంట్ల మండలాఫీసులో అటెండరుగా అన్నేళ్లు చేసి, తాను మోసిన కాయితం ఒక్కటి కూడా చదవలేదని. చదువు రాక కాదు, పదో తరగతి పాసయినవాడే. చేరిన కొత్తలో ఒక ముసలి అటెండరు చెప్పాడట: ఫైలు మోసేవాడు ఫైలు చదివితే, పక్కింటి వంటగదిలో దూరి కుండ మూత తీసి చూసినట్టేనని. ఆ మాట తాతకు మేకులా దిగింది. జిల్లా నుంచి సర్క్యులర్ వస్తే దాన్ని బల్ల బల్లకూ తిప్పి, అందరి చేతా సంతకాలు పెట్టించి, తర్వాత నోటీసు బోర్డుకు అంటించేవాడు. సంతకాల వరసలో అటెండరుకు చోటు లేదు. అందుకు ఆయనేమీ బాధపడలేదు కూడా.

అంటించడంలో మాత్రం ఆయనది పెద్ద చెయ్యి. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేవాడు. ఇంట్లో సంగటికి ఉప్పుందో లేదో తెలియదు గానీ ఆఫీసు జిగురుకు మైలుతుత్తం ఏనాడూ మరచిపోడని మా బయమ్మవ్వ దెప్పేది. తాత అంటించిన కాయితం చిరగాల్సిందే తప్ప ఊడి రాదు. అందుకని పాతదాని మీదనే కొత్తది వేసేవాడు. బోర్డు ఏడాదికింత లావెక్కేది.

ఇంత పనిమంతుడికి కూర్చునేందుకు తలుపు పక్కన స్టూలు. కుర్చీ లేదు. 2004లో గంగాధర్ అనే సూపరింటెండెంటు బదిలీ మీద వచ్చి, డిగ్రీ ఉంటే జూనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ ఇస్తారని, రిటైరయ్యేందుకు ఇంకా అయిదేళ్లుందని, చదవమని చెప్పాడు. తాతకు అప్పుడు యాభై మూడు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఒక ఖాళీ కుర్చీ సీటును తువ్వాలుతో తుడిచాడట. కూర్చోలేదు. తుడిచి ఇంటికొచ్చాడు.

కర్ణాటక యూనివర్సిటీ ఒకటి ఇంటరు లేకున్నా కంప్యూటర్ మీదనే మూడేళ్లలో డిగ్రీ చదివిస్తోందని తెలిసింది. దాని సెంటర్లు బాగేపల్లిలో ఒకటి, హిందూపురంలో ఒకటి. గోరంట్ల నుంచి ఎటు పోయినా బస్సులో గంటకు కాస్త అటూ ఇటూ. బాగేపల్లి కర్ణాటకలోది, నడుమ రాష్ట్రాల గీత మీద కొడికొండ చెక్‌పోస్టు దాటాలి, అంతే. ఆ బాగేపల్లే అవ్వ పుట్టిల్లు. ఆ గీత దాటే అవ్వను పెళ్లి చేసుకొచ్చాడు. అటు గొర్రెలు ఇటొచ్చి మేస్తాయి, ఇటు మేఘాలు అటుపోయి కురుస్తాయి. దాన్నెవరూ గీతగా చూడలేదు.

అవ్వ బాగేపల్లిలోనే చేరమంది. ఆదివారం ఆదివారం తానూ వెంటబోయి అన్న ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చని ఆమె ఆశ. తాత ససేమిరా అన్నాడు. ఆ అన్న, పుల్లన్న, టీ అంగడి పెట్టింది సరిగ్గా ఆ సెంటరు పక్కనే. ఆయన నోరు మంచిది కాదు. తల నెరిసినాక పలక పట్టినాడని బావను బజారంతా తిప్పుతాడు. అందుకని తాత హిందూపురంలో చేరాడు.

అక్కడ ఇంటర్నెట్టు అంగడి మిద్దె మీద తరగతి. తాత చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాడు. మౌసును కోడిపిల్లను పట్టినట్టు పట్టేవాడు, నలిగితే పాపమని. తెరమీద పాఠం చెప్పే సారు కనబడగానే లేచి నిలబడేవాడు. ఆయనకు మనం కనబడమని పక్కన కుర్రవాళ్లు ఎంత చెప్పినా, సారు మాట్లాడతాంటే కూర్చోవడం తన కాళ్లకు తెలీదనేవాడు. మొదటి ఏడాది ఆర్థిక శాస్త్రం మొత్తం నిలబడే చదివాడు. రెండో ఏడాదికి గానీ కాళ్లు మాట వినలేదు.

మూడేళ్లూ వానలు లేవు. చేలో వేసిన చేనిక్కాయలకు, అంటే వేరుశనగకు, పెట్టిన ఖర్చు కూడా రాలేదు. అయినా ఆదివారం బస్సు తప్పలేదు. 2007లో సెకండ్ క్లాసులో పాసయ్యాడు. ఆఫీసులో అందరికీ బొరుగులు, బెల్లం పంచాడు.

ప్రమోషన్ ఫైలు అనంతపురం పోవాలి. ఎవరు తీసుకుపోతారు? ఆయనే. తన ఫైలు తానే చంకన పెట్టుకుని పోయి ఇచ్చొచ్చాడు. రెండు నెలలకు జవాబు తెమ్మంటే మళ్లీ ఆయనే పోయాడు. కవరు ఒళ్లో పెట్టుకుని మూడు గంటలు బస్సులో కూర్చుని, తెచ్చి గంగాధర్ బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

గంగాధర్ చదివి, అందులో పేరున్న చోట వేలు పెట్టాడు. “ఇది నీ కాయితమే కుళ్లాయప్పా. దోవలో చూడలేదా?”

“కవరు సార్. యెట్ల చూస్తా?”

అప్పుడు చెప్పాడు. డిగ్రీ మంచిదే, యూనివర్సిటీ మంచిదే. కాకపోతే దాని సెంటరు దాని రాష్ట్రంలో ఉంటేనే చెల్లుతుంది. హిందూపురం ఆంధ్రాలో ఉంది కాబట్టి అక్కడ రాసింది లెక్కలోకి రాదు. బాగేపల్లిలో రాసుంటే వచ్చేది.

తాతకు అర్థం కాలేదు. “పాఠం అదే కద సార్. కంప్యూటర్లో వచ్చే సారూ ఆయనే. ప్రశ్నలూ అవే.”

“అన్నీ అవే. నువ్వు కూర్చున్న చోటే వేరే.”

“ముందే ఎవరన్నా చెప్పింటే...”

“పోయినేడు సర్క్యులర్ వచ్చిందంట. ఆరు నెలల్లోగా ఆ పక్క సెంటరుకు మారొచ్చని. నువ్వే తిప్పింటావు.” గంగాధర్ గొంతు తగ్గించాడు. “నేనూ సంతకం పెట్టింటా. చదవకుండానే పెట్టినానప్పా. అందరం అంతే.”

తాత నీళ్ల చెంబు, గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి పోయాడు. పింఛన్ల జాబితా తడిపాడు, దాని కింద వేరుశనగ విత్తనాల నోటీసు తడిపాడు. ఏదీ ఊడలేదు. మధ్యాహ్నందాకా గోటితో గీకితే పీలికలు పీలికలుగా వచ్చింది. నాలుగు పొరల కింద ఆ సర్క్యులర్ దొరికింది. నాలుగు మూలలా గట్టిగా, ఒక్క పురుగు కూడా కొట్టకుండా. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక ఆఫీసు కాయితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. గడువు పోయి ఏడు నెలలయింది.

మళ్లీ చదవడానికి మూడేళ్లు కావాలి. సర్వీసు రెండేళ్లే ఉంది. ఆ లెక్క ఆయన ఎవరినీ అడగలేదు.

ఆ వారంలోనే ప్రమోషన్ల జాబితా వచ్చింది. తాత జిగురు ఉడకబెట్టి అంటించాడు. అవ్వ ఇంట్లో బాగేపల్లి పేరే ఎత్తలేదు. దెప్పడంలో మొనగత్తె అయిన మనిషి, అదొక్కటీ నోట్లోనే పెట్టుకుంది.

2009లో రిటైరయిన రోజు పుల్లన్న బాగేపల్లి నుంచి వచ్చాడు. పూలదండ వేసేందుకు ఆఫీసులో తాతను కుర్చీలో కూర్చోబెట్టారు. తాత సగం కుర్చీలోనే, లేవబోతున్నట్టు కూర్చున్నాడు. ఏం అంటాడోనని అందరం పుల్లన్న నోటివైపే చూస్తున్నాం. ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

“ఆ సెంటరు మా అంగడి పక్కనే కద బావా. నువ్వొచ్చింటే ఆదివారమాదివారం టీ పోసిచ్చింటిని.”

తాత తల ఊపాడు. దండ తీసి కుర్చీ చేతికి తగిలించి, పోయి తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.