డ్రమ్ములో సవతి

నేను జనగామలో కాపురానికి వచ్చిన రోజున మా ఇంటి అరుగు మీద ఒక పాలపొడి డబ్బా, అందులో జానెడు మొక్క ఉన్నాయి. కుడికాలు ముందుపెట్టి గడప దాటుతుంటే నా పట్టుచీర కుచ్చిళ్ళు ఆ డబ్బాకు తగిలాయి. డబ్బా ఒరిగింది. మా ఆయన నా చెయ్యి వదిలేసి దాన్ని పట్టుకున్నాడు. చుట్టూ ముత్తయిదువలు, పక్కన పెళ్ళికూతురు, ఈయన చేతిలో డబ్బా! అందరూ నవ్వారు. సంగతి తెలియక నేనూ నవ్వాను.

వారం తిరగకముందే తెలిసింది. మా అత్తే చెప్పింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చదువులన్నీ ఆగిపోయి, పిల్లలు రోడ్ల మీదికొచ్చి, పోలీసులు ఈయన కోసం కూడా వెతుకుతున్నారంటే తీసుకుపోయి పట్నంలో మేనమామ ఇంట్లో దాచారట. ఆఫీసరు బంగళాలోకి పోలీసులు రారని ధైర్యం. ఆ మామకు ఒక బిడ్డ. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లను ఈయనకే అనుకున్నారట.

"వీని సదువు ఆగమైపాయె, నౌకరి ఎన్నడొస్తదో ఏమో అని మా తమ్ముడు మనసు మార్చుకున్నడు బిడ్డా. పిల్లను ఇంజనీరుకు ఇచ్చిండు. వీడు వాపసు వొచ్చేటప్పుడు గా మొక్క తెచ్చుకున్నడు. గా పిల్ల ఇచ్చిందేనట."

మా అత్త మంచిది, మనసులో ఏదీ దాచుకోదు. ఆ ఒక్కటి దాచుకుని ఉంటే ఆమె సొమ్మేం పోయేది?

పోనీ, గులాబీనో మల్లెనో అయితే ఏ ఎండాకాలంలోనో పోయేది. ఇది పట్నంలో బంగళాల్లో తప్ప ఎక్కడా కనపడని తాటిజాతి మొక్క. మన తాటాకులాగా చీలికలు ఉండవు. ఆకు గుండ్రంగా, మడతలు మడతలుగా, అచ్చం విసనకర్ర. అసలు పేరు ఎవరికీ తెలియదు కాబట్టి విసనకర్ర చెట్టు అనేవాళ్ళం. ఏడాదికి రెండో మూడో ఆకులు వేస్తుంది. కొత్త ఆకు మూసిన గొడుగులా లేచి, తాపీగా విప్పుకుంటుంది. ఆ రోజుల్లో మా ఆయన ముఖం చూడాలి! నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "జర పక్కకు జరుగు, దానికి ఎల్తురు తాకనియ్యి" అన్నాడొకసారి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చూసినవాళ్ళంతా ఎగతాళి చేసేవాళ్ళే. "ఏంది సారూ, తాటిమొక్కను డబ్బాల పెంచుతున్నరు? మా చేన్ల మస్తుగున్నయ్, తెచ్చియ్యాల్నా?" అనేవాళ్ళు. రఘునాథపల్లి నుంచి మా బాపు వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గీ తాడిచెట్టుకు కల్లు ఎన్నడు పారుతది అల్లుడా?" అన్నాడు. మా ఆయన నవ్వలేదు. నేను మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆయనకు పశువుల దవాఖానలో కాంపౌండరు ఉద్యోగం. మానుకోటకు బదిలీ అయింది. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. లారీలో జాగా లేదని నా కుట్టుమిషన్ను జనగామలో అత్త దగ్గర వదిలేయించాడు. చెట్టుకు మాత్రం జాగా దొరికింది. అప్పటికి అది సగానికి కోసిన తారు డ్రమ్ములోకి ఎదిగింది. గాలికి ఆకులు చిరుగుతాయని గోనెపట్ట చుట్టి, తాను కూడా వెనకాలే కూర్చుని, దారిపొడుగునా దాన్ని పట్టుకుని వచ్చాడు. నేను చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆ డ్రైవరు "సారు రాలేదా అక్కా?" అని అడిగితే ఏం చెప్పాలి? "వెనుక ఉన్నడు, సామానుతోని" అన్నాను.

మానుకోట ఎండకు దాని ఆకుల అంచులు మాడేవి. పైన గోనెపట్ట కట్టాలి, దాన్ని తడుపుతూ ఉండాలి, మొదలు దగ్గర మట్టి ఆరనీయకూడదు. ఈయనేమో పశువులకు సూదులంటూ బయ్యారం, గంగారం అడవులు పట్టుకుని తిరిగేవాడు. ఇక చాకిరీ ఎవరిది? నాదే. పైగా మా ఇల్లు దవాఖాన పక్కనే, అక్కడికి వచ్చే రోగులంతా మేకలాయె. కట్టు కట్టించుకుని పోయే మేక కూడా దారిలో ఆ ఆకు మీదికి మూతి చాపేది. కట్టె పట్టుకుని తరిమేదాన్ని. మేకలు తోలుకొచ్చిన ఒక తండా ఆమె, "ఒక్క ఆకు ఇయ్యవా అక్కా, ఉక్కపోస్తుంది, ఇసురుకుంట" అని అడిగింది. మొత్తం కోసుకుపో తల్లీ అని లోపల అరిచాను. నోటితో మాత్రం, "ముట్టుకోకు, సారు పాణం తీస్తడు" అన్నాను.

ఎండబెట్టి చంపేయకపోయావా అని మా అక్క అడిగింది. ఆమెకేం తెలుసు! చచ్చిందంటే అది దేవతయి కూర్చుంటుంది. బతికున్నదాంతోనే వేగలేక చస్తుంటే, పోయినదాన్ని తలుచుకుని ఆయన కూర్చుంటే నేను తట్టుకోగలనా? అందుకే బిందెలకు బిందెలు పోసి బతికించాను.

ఎనభైలలో భూపాలపల్లి వచ్చాం. చుట్టూ అడవి, అప్పుడప్పుడే బొగ్గు గనుల హడావుడి. మా క్వార్టరు ముందర వేపచెట్టు నీడ, ఆ గాలిలో చెమ్మ దానికి పడ్డాయి. చాటంత చాటంత ఆకులు వేసింది. ఎర్రటి పండ్లు కూడా కాసింది. పొరుగువాళ్ళు చూసి ముచ్చటపడి మొక్కలు కావాలన్నారు. ఈయన గింజలు మొలకెత్తించి అడిగిన వాళ్ళందరికీ పంచాడు. కొన్నింటిని ఇళ్ళ ముందర, కొన్నింటిని వీధి పొడుగునా వేపల కింద నాటారు. సవతి ఒకటి చాలదన్నట్టు ఇప్పుడు వీధినిండా సవతి పిల్లలు!

అదిగో, అప్పుడే ఆ ఇంజనీరుకు గనుల పని మీద మా ఊరికి రావలసి వచ్చింది. వెంట భార్య కూడా వస్తుందని కబురు. మా ఆయన పొద్దున్నే తడిబట్ట తీసుకుని ఒక్కొక్క ఆకూ తుడిచాడు. చూస్తూ చూస్తూ నేను గారెల పిండి రుబ్బాను. రోలు పగలనందుకు సంతోషించాలి.

ఆమె వచ్చింది. కాస్త ఒళ్ళు చేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, "బాగున్నవా అక్కా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. తిట్టుకుందామన్నా తిట్టుకునే మనిషి కాదు. అది ఇంకా కడుపుమంట. చెట్టు పక్కనుంచే నడిచి గుమ్మందాకా వచ్చేసింది.

మా ఆయనే ఆపాడు. "చూసినవా?"

ఆమె వెనక్కి తిరిగింది. "మంచిగున్నది బావా. ఏం చెట్టు ఇది? యాడ దొరికింది?"

"మీ ఇంట్లదే. నువ్వే ఇచ్చినవ్ గదా, అరవై తొమ్మిదిల."

ఆమె నిజంగానే ఆలోచించింది. "నేనా? నాకు యాదికి లేదు బావా. మా తోటమాలి ఇచ్చిండేమో. గప్పుడు అమ్మకు మొక్కల పిచ్చి ఉండె." నవ్వేసి, గారెల వాసన అద్భుతంగా ఉందంటూ లోపలికి నడిచింది.

నేను వీధంతా చక్కెర పంచాల్సిన ఘడియ. కానీ మా ఆయన ముఖం చూశాను. నెత్తురు లేదు. అలిగి నేను నెలల తరబడి పుట్టింట్లో కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖం అలా వాడలేదు. ఆమె మర్చిపోయింది, ఇక పోటీ ఎవరితో? అయినా ఆ రోజు కలిగినంత అసూయ నాకు జన్మలో కలగలేదు. నా కోసం ఒక్కనాడైనా ఆ ముఖం అట్లా వాడిపోతే చాలని ఇన్నేళ్ళూ చూశానే!

మర్నాటి నుంచి ఆయన చెట్టు వైపు పోలేదు. నాలుగు రోజులు చూసి, "దానికి నీళ్ళు పోయరా?" అన్నాను.

"ఉంటే ఉంటది, పోతే పోతది. డ్రమ్ము అవతల పడేయిస్త. జాగ ఇరుకైతుంది."

అంతే. నాకెక్కడలేని దుఃఖమూ పొంగుకొచ్చింది. "ఆమె యాది మరిస్తె గిది చెట్టు కాకుండ పోయిందా? ఇన్నేండ్లు నీళ్ళు పోసింది ఎవలు? మేకలను కొట్టింది ఎవలు? గోనెపట్టలు తడిపింది ఎవలు? నా బతుకంత గీ డ్రమ్ముల పోసిన గదా!"

ఆయన బిత్తరపోయి చూశాడు. "నీకు గీ చెట్టంటెనే గిట్టది గదా. ఇప్పుడెందుకు ఏడుస్తున్నవ్?"

"గిట్టది. మీకు పాణమని సాకిన."

ఆయన దగ్గరికి వచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

నేను తిన్నాను. కానీ తినలేదని చెప్పాను.