అర్దియా గోల్ కీపర్

ఆ రోజుల్లో కువైట్ నుంచి తిరిగొచ్చినవాణ్ణి ఊళ్లో ఎవరూ ఊరికే వదిలేవాళ్లు కాదు. అందులోనూ ఇరాక్ సైన్యం వచ్చి పడ్డ ఏడాది వచ్చినవాడయితే మరీనూ. టీకొట్టు దగ్గర కూర్చోబెట్టుకుని, బాంబులు చూశావా, ఎడారిలో ఎన్నాళ్లు నడిచావు అని ఒకటే అడగడం. నేను ఉన్నదున్నట్టు, "ఒక సాయంత్రం ఇరాకీ సైనికుల జట్టుకు గోల్ కీపర్‌గా నిలబడి ఎనిమిది గోల్స్ తిన్నాను" అని చెబితే వాళ్ల ముఖాలు మాడిపోయేవి. ఒకాయనైతే నాకని చెప్పిన టీ తనే తాగేసి లేచి వెళ్లిపోయాడు. దాంతో ఎడారి, దాహం, ఇసుక తుఫాను కలిపి ఒక కథ తయారు చేసుకున్నాను. అది అందరికీ బాగా నచ్చింది. ఇప్పుడు వయసైపోయింది, ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్ తప్పి ఊరు తిరుగుతుంటే మా చిన్నాయన వీసా తీసి పిలిపించుకున్నాడు. ఆయన రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. నేను ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో టీలు కాచేవాణ్ణి. (బంతిని తన్నింది లేదు, పక్కకు దొర్లితే కాలితో వెనక్కి నెట్టింది మాత్రం ఉంది.) అర్దియాలో మూడో అంతస్తు ఫ్లాట్లో మేమిద్దరం, రాయచోటి నుంచే వచ్చిన టైలర్ భాయ్, మొత్తం ముగ్గురం ఉండేవాళ్లం. ఆ క్లబ్బులో గోల్ కీపర్లకు పాఠాలు చెప్పడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. మేం దొర అనేవాళ్లం. వాకిళ్లన్నీ తల వంచి దాటే మనిషి, చేటలంత చేతులు. మైదానంలో ఆయన నడుస్తుంటే కువైటీ కుర్రాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఇంగ్లండులో ఈయన పేరు చెబితే బళ్లకు సెలవు ఇస్తారేమో అనుకునేవాణ్ణి. నేను కాచిన అల్లం టీ తప్ప ఇంకొకరి టీ ముట్టేవాడు కాదు. ఆ ఒక్క గొప్పతో నేను కూడా కాస్త ఛాతీ విరుచుకునే తిరిగేవాణ్ణి.

సైన్యం వచ్చాక రెండో వారంలో కాబోలు, ఇంగ్లండువాళ్లు కనబడితే పట్టుకుని బాగ్దాదు తీసుకుపోతున్నారనీ, దాచినవాళ్లకు ఉరేననీ చెప్పుకోసాగారు. మన ఇండియావాళ్ల జోలికి పెద్దగా వచ్చేవాళ్లు కాదు. క్లబ్బు వంటగదిలో బియ్యం ఏమైనా మిగిలాయేమోనని ఒక మిట్టమధ్యాహ్నం వెళ్తే, స్టవ్వు పక్కన నేలమీద దొర కూర్చుని ఉన్నాడు. తన ఫ్లాటుకు సైనికులు వచ్చారట, వెనక మెట్ల మీదుగా దిగి, చేతికందిన సంచీతో నడిచి వచ్చేశాడు. నన్ను చూసి "టీ ఉందా?" అన్నాడు. నవ్వించడానికి అన్నాడేమో గానీ, నాకు ఏడుపొచ్చేసింది. చిన్నాయనను పిలుచుకొచ్చి, కారు వెనక సీటు కింద ఆయన్ని మడిచిపెట్టి, పైన భాయ్ బట్టల మూటలు పేర్చి ఇంటికి చేర్చాం. దారిలో ఒక సైనికుడు ఆపి, ఒక మూట నచ్చిందని లాగేసుకున్నాడు. ఇంకో మూట నచ్చి ఉంటే ఈ కథ చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

ఇంట్లో పెట్టుకున్నాక గానీ దొర సంగతి తెలియలేదు. భాయ్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు. "మీరు ఇంగ్లండులో ఎన్ని కప్పులు గెలిచారు సాబ్?" అని అడిగితే దొర తల గోక్కున్నాడు. ఆయన పదకొండేళ్లు ఒక పెద్ద జట్టులో ఉన్నమాట నిజమేనట. అయితే బెంచీ మీద. అసలు గోల్ కీపర్‌కు దెబ్బ తగిలితే ఈయన దిగాలి. ఆ మహానుభావుడికి పదకొండేళ్లలో జలుబు కూడా చేయలేదు. ఒకసారి ఎట్టకేలకు ఆయన మడమ బెణికిందట. దొర ఆనందంగా దిగాడు. ఆ రోజు వాన, బురద, ఏడు గోల్స్. మరుసటి వారం మళ్లీ బెంచీ. తర్వాత చిన్న చిన్న జట్లు, చలికాలంలో మాంసం కొట్లో పని, ఆఖరికి కువైట్. చిన్నాయన అంతా విని, "పాపం సామీ, మా వాడు ఇంటర్ పరీక్ష రాసినట్టే ఆడినావు" అని ఓదార్చాడు. భాయ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు కూడా. దొర నా భుజం తట్టాడు. నాకు ఎక్కడో కాలింది.

ఆయనకు ఒక అలవాటు. రోజూ పొద్దున్నే తన గ్లోవ్స్, ఆకుపచ్చ జెర్సీ ఉతికి బాల్కనీలో ఆరేసేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. ఉతక్కపోతే తాను ఎవరో మర్చిపోతానన్నట్టు ఉండేది ఆయన వరస. ఒక ఉదయం ఎదురుగా ఉన్న బడిలో మకాం వేసిన సైనికులు ఇళ్లు సోదా చేస్తూ మా మెట్లెక్కారు. దొరను భాయ్ కత్తిరింపుల బల్ల కింద, బట్టల తాన్ల వెనక దోపాం. ఆయన బూటు బయటికి పొడుచుకొస్తే చిన్నాయన దాని మీద కూర్చున్నాడు. మీసాల సార్జెంటు ఒకడు ఇల్లంతా కలయజూసి, నేరుగా బాల్కనీలోకి వెళ్లి గ్లోవ్స్ పట్టుకొచ్చాడు. అవి ఎవరివని అరబ్బీలో అడిగాడు. ఏ దేవుడు పలికించాడో గానీ, "నావే" అన్నాను. సార్జెంటు జెర్సీ నా భుజాలకు ఆనించి చూశాడు. అది నా మోకాళ్లు దాటింది. ఇంత పెద్దదేమని మళ్లీ అడిగాడు. భాయ్ మెడలో టేపు సర్దుకుని, "నేను టైలర్ని. ఇంకా కుదించలేదు" అన్నాడు. సార్జెంటు ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. వాళ్ల గోల్ కీపర్‌ను వేరే చోటికి పంపించేశారట. రేపు సాయంత్రం బడి మైదానంలో ఇంకో దళంతో మ్యాచ్ ఉందట. "నువ్వు మా జట్టుకు ఆడుతున్నావు, యల్లా, నాలుగింటికి వచ్చెయ్!" అని నా వీపు మీద ఒక్కటి చరిచి దిగిపోయాడు.

వాళ్లు వెళ్లాక చిన్నాయన నన్ను కొట్టినంత పని చేశాడు. "ఏందబ్బీ నువ్వు చెప్పింది? వంటోన్నని చెప్పలేకపోయినావా? రేపు నీ ఆట చూస్తానే తెల్సిపోదా ఇది నీది కాదని? పైకొచ్చి గోడలు తవ్వుతారు గదరా!"

"వంటోడికి గ్లోవ్స్ ఎందుకు చిన్నాయనా?"

"వేడి గిన్నెలు దించేదానికి!"

(ఆ మాట నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పటికీ అనుకుంటాను.)

భాయ్ గుడ్డపీలికలు కుట్టి ఒక బంతి చేశాడు. దొర హాల్లో పరుపులు పరిచి, నన్ను నిలబెట్టి, అటూ ఇటూ విసిరాడు. కుడివైపు విసిరితే ఎడమకు దూకాను, ఎడమకు విసిరితే కళ్లు మూసుకున్నాను. అరగంటకు దొర కూలబడి, భాయ్ వైపు చూసి చాలాసేపు మాట్లాడాడు. భాయ్ నాకు చెప్పాడు: "బేటా, నీకు బాల్ ఆపేది రాదంట. ఒక్క దినంలో రాదంట. అయితే గోల్ కీపర్ మాదిరి ఉండేది నేర్పిస్తాడంట." గ్లోవ్స్‌లో ఉమ్మి రుద్దుకోవడం, బూటుతో గోల్ స్తంభాన్ని తన్నడం, గోల్ వెడల్పు అడుగులతో కొలుచుకోవడం, అవన్నీ గంటలో వచ్చేశాయి. అసలైనది ఆఖర్న చెప్పాడు. గోల్ పడగానే నేల చూపులు చూడకూడదు. చటుక్కున లేచి, దగ్గరున్న తన జట్టువాణ్ణి వేలు చూపించి తిట్టాలి. తప్పు వాడిదే అన్నట్టు తిట్టాలి. అలా తిట్టనివాణ్ణి గోల్ కీపర్ అని ఎవరూ నమ్మరు.

"తుపాకులుండేటోళ్లను తిట్టేదా?" అని చిన్నాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేను ఏ భాషలో తిట్టాలని అడిగాను. నీకు కోపం ఏ భాషలో వస్తే ఆ భాషలో అన్నాడు దొర.

మర్నాడు నాలుగింటికి, భాయ్ కుదించిన జెర్సీలో వెళ్లి నిలబడ్డాను. సైనికులు తుపాకులన్నీ నా గోల్ వెనకే కుప్పగా ఆనించారు. మొదటి బంతి నా కాళ్ల మధ్యలోంచి పోయింది. సార్జెంటు నన్నే చూస్తున్నాడు. కళ్లముందు కత్తిరింపుల బల్ల కింద ముడుచుకున్న దొర కనిపించాడు. అంతే, ఎదురుగా ఉన్న ఆజానుబాహుడి మీదికి వేలెత్తి పరిగెత్తాను. "యాడ చూస్తాండావురా గాడిదా? వాడు ఎనుము మాదిరి వస్తాంటే నిలబడి చూస్తావా? కండ్లు నెత్తిన పెట్టుకున్నావా? తినేది యాడికి పోతాదిరా నీకు?" ఆ మాటలు నా నోట్లోంచే వస్తున్నాయంటే నాకే నమ్మకం కుదరలేదు. వాడు నన్ను ఒక్క గుద్దు గుద్దితే ఖలాస్. వాడేమో తల వంచుకుని, గుండె మీద చెయ్యి పెట్టి క్షమించమన్నాడు.

ఇక నన్ను ఆపేవాడెవడు? రెండో గోలుకు ఇద్దర్ని తిట్టాను. మూడో గోలుకు వరస కలిపి తిట్టాను. నాలుగోది పడబోయే ముందు, దొర నేర్పినట్టు స్తంభాన్ని తన్నడానికి వెనక్కి తిరిగాను. మా మూడో అంతస్తు కిటికీ పరదా కదిలింది. దాని సందులోంచి ఒక పొడుగాటి తెల్లటి చెయ్యి బయటికొచ్చి, ఎడమకు, ఎడమకు అని సైగ చేస్తోంది! ఆయన ఆగలేకపోయాడు. పదకొండేళ్లు బెంచీ మీద ఆగిన మనిషి ఆ రోజు ఆగలేకపోయాడు. బంతి ఎటు పోయిందో కూడా నేను చూడలేదు. అందరూ బంతి కోసం నా వైపు తిరిగారు. నా వెనకే ఆ కిటికీ. ఒక్కడు తలెత్తితే చాలు. నేను నేరుగా మైదానం మధ్యలోకి పరిగెత్తి, సార్జెంటునే పట్టుకున్నాను. అందరూ అటు తిరిగారు. అతణ్ణి తిట్టాను, అతడి మీసాన్ని తిట్టాను, దోచుకున్న కొట్లనూ, మూతపడ్డ నా టీ స్టవ్వునూ, ఊళ్లో ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్న మా అమ్మ ఏడుపునూ చెప్పి తిట్టాను. ఎన్ని వారాలుగా మింగుకున్నానో అదంతా కక్కేశాను. ఎగశ్వాసతో ఆగి చూస్తే కిటికీ మూసుకుని ఉంది. సార్జెంటు కాసేపు నన్నే చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పాత గోల్ కీపర్ కూడా అచ్చం ఇలాగే మొరిగేవాడని అందరికీ చెప్పాడు.

ఎనిమిది గోల్స్‌తో ఓడిపోయి, సైనికులు ఇచ్చిన రొట్టెల సంచీ మోసుకుని ఇంటికి వచ్చేసరికి, దొర నేల మీద బోర్లా ఉన్నాడు. ఆయన వీపు మీద చిన్నాయన, కాళ్ల మీద భాయ్ కూర్చుని ఉన్నారు. "అరిచేదానికి కూడా నోరు తెరిచినాడు, దిండు పెట్టి మూసినా" అన్నాడు చిన్నాయన రొప్పుతూ. దొర లేచి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. గోల్స్ మాట ఎత్తనే లేదు. "బాగా తిట్టావు" అన్నాడు, అంతే. ఆ తర్వాత సైనికులు మా మెట్లు ఎక్కలేదు. కింద ఎదురుపడితే "గోల్ కీపర్!" అని చెయ్యి ఊపి వెళ్లిపోయేవాళ్లు.

అక్టోబరులో ఇండియాకు తిరిగొచ్చేందుకు మా ముగ్గురికీ బస్రా మీదుగా పోయే బస్సులో చోటు దొరికింది. దొరను ఏం చేయాలి? చిన్నాయన పనిచేసే ఇంటి ముసలామెను, అక్కడి తీరున అమ్మ అనే అర్థంలో మేం మామా అని పిలిచే ఆవిణ్ణి అడిగితే, ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తీసుకురమ్మంది. మళ్లీ సీటు కింద మడిచి, మూటలు పేర్చి, పట్టపగలే రుమైథియా చేర్చాం. మా ఊరి అడ్రసు రాసిచ్చి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లోపలికి తల వంచి వెళ్తున్నాడు. బస్సులో బస్రా దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను.

డిసెంబరులో విదేశీయులందర్నీ వదిలేశారని రేడియోలో చెప్పారు. అందరూ అంటే మా దొర కూడానా? రేడియో పేర్లు చెప్పదు కదా. ఆ తర్వాత అసలు యుద్ధం మొదలైంది, అదీ ముగిసింది. పొలం పనులప్పుడు కూడా రేడియో వదలకపోతే, "ఎవురి కోసరం రా ఆ తపస్సు?" అనేది అమ్మ. వేసవిలో ఒకరోజు పోస్టుమాన్ ఇంగ్లండు స్టాంపు ఊరందరికీ చూపించుకుంటూ ఒక కవరు తెచ్చాడు. అక్కడికక్కడే చించాను. బాగున్నానని లేదు. బయటపడ్డానని లేదు. పైన నా పేరు, కింద ఆయన సంతకం, మధ్యలో ఇంతే: "ఆ రోజు చెప్పడానికి మనసొప్పలేదు. మూడో గోల్ నువ్వు ఆపాల్సింది. రెండడుగులు ముందుకొచ్చి ఉంటే చాలు." అది చదివి వాకిట్లో కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఎవరో పోయారనుకుని పక్కింటివాళ్లు వచ్చారు. మనిషి బతికే ఉన్నాడనీ, తిడుతున్నాడనీ చెబితే వాళ్లకేం అర్థమవుతుంది.

ఈ మధ్య మోకాళ్లు మాట వినడం లేదు. అయినా మధ్యాహ్నం పూట టీవీలో ఎవడో గోల్ తింటే, నాకు తెలియకుండానే లేచి నిలబడతాను. నిన్న మా ఆవిడ చూసి, "యాడికి లేసినావు?" అంది. యాడికీ లేదన్నాను. ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగి, కుర్చీ పక్కకు జరిపి, రెండడుగులు ముందుకు వేశాను. దొర చెప్పింది నిజమే. ఆపేవాణ్ణే.