ప్లేగు తర్వాత మిగిలినవాళ్ళు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు జమ్మలమడుగు హైస్కూల్లో చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చింది. మాది కృష్ణా జిల్లా. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళంటూ ఒక్కరూ లేరు. పెళ్ళికానివాడినని ఇల్లివ్వడానికి చాలామంది వెనకాడారు. చివరికి ఒక ముసలి సాయిబులావిడ తన మిద్దెలో ముందుగది అద్దెకిచ్చింది. ఆమె భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నెలలు గడిచినా మా మధ్య తలుపు గడియ గురించీ, బావిలో నీళ్ళ గురించీ తప్ప మాటలు నడవలేదు.

బడిలో నేను "అండీ" అన్నప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు. తోటి ఉపాధ్యాయులు మంచివాళ్ళే కానీ గంట కొట్టగానే ఎవరి సంసారం వాళ్ళది. నేను పెన్న ఇసుకలో కాసేపు కూర్చుని, గదికొచ్చి స్టవ్ వెలిగించుకునేవాణ్ణి. మాట్లాడే మనిషి లేక, మర్నాటి పాఠాన్ని గోడకు గట్టిగా చెప్పుకోవడం అలవాటైంది.

ఒక సాయంత్రం మధ్యయుగాల యూరప్‌లో వచ్చిన ప్లేగు గురించి చెప్పుకుంటున్నాను. ఓడల్లో రోగం రేవులకు దిగడం, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ కావడం. వెనకనుంచి ఇంటావిడ గొంతు వినిపించింది.

"అయివారూ, ఎలకలు రాలినాయా ఆడగూడ?"

తిరిగి చూస్తే ఆమె నడవలో నిలబడి ఉంది.

"ఎలకలతోనే వచ్చిందంటారు, మామ్మగారూ."

"అవ్వా అను. మామ్మ అంటే ఎవురినో పిలుస్తాన్నట్టుంటాది." గడప మీద కూర్చుంది. "మాకూ వచ్చింది. నేను చిన్నపిల్లని. ఇండ్లు ఇడిసిపెట్టి చేన్లల్లో గుడిసెలేసుకున్న్యాము. మా నాయన ఆడనే పోయ. మా యమ్మ గూడ. పిన్నమ్మ నన్ను సాకింది."

నేను పుస్తకం పక్కన పెట్టాను.

"మళ్ళా ఊర్లేకి వస్తిమి. మా ఇల్లు తెర్సినట్టే ఉంది. లోపలికి పోయి అమ్మా అని పిలిస్తి. పోయిందని తెల్సు. అయినా పిలిస్తి." తర్వాత నన్ను అడిగింది. "ఆ దేశంలో మిగిలినోళ్ళు ఏం చేసినారు?"

పుస్తకంలో ఉన్నదే చెప్పాను. పొలం దున్నే మనుషులు కరువయ్యారు, మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడిగారు, దొరలు కాదన్నా చాలాచోట్ల ఇవ్వక తప్పలేదు, భూమికి కట్టుబడి ఉన్నవాళ్ళు మెల్లగా విడిపడ్డారు. అది యూరప్ చరిత్రలో పెద్ద మలుపు అన్నాను.

"వాళ్ళకు మంచే జరిగిందంటావు."

"కొంత."

"ఇంట్లో ఎవురూ లేకుండా ఆ కూలి దుడ్లు ఏం చేసుకున్యారో." ఆ మాట అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తరగతిలో పుస్తకం మూసేసి, తెరిచి ఉన్న ఇంట్లోకి వచ్చి తల్లిని పిలిచిన ఒక అమ్మాయి సంగతి చెప్పాను. ఎవరని చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు. "మా జేజి గూడ గుడిసెల్లో ఉన్నిందంట సార్" అని ఒకడు లేచాడు. ఆ తర్వాత ఇంకా కొందరు లేచారు. అప్పుడు గానీ వాళ్ళు నా మాట వింటున్నారని నాకు నమ్మకం కలగలేదు.

అప్పటినుంచి అవ్వ రోజూ గడప దగ్గరికి వచ్చేది. అచ్చు యంత్రం, కాన్‌స్టాంటినోపుల్ పతనం, చర్చి మీద తిరగబడ్డ జర్మనీ సన్యాసి, ఏ పాఠమైనా ఆమె వినేది. ఎవరు గెలిచారన్నది ఆమెకు పట్టేది కాదు. కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైందని చెబితే, "ఆ ఊర్లో ఉన్నోళ్ళు యాడికి పోయినారు?" అని అడిగింది. కొందరు ఇటలీకి పోయారన్నాను. తక్కినవాళ్ళ సంగతి నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నన్ను పులివెందులకు బదిలీ చేశారు.

"నువ్వు ఒంటరివైపోతావు అవ్వా" అన్నాను.

"నాకు అలవాటే నాయనా. నువ్వు అలవాటు చేసుకోవాకు. పెండ్లి చేసుకో."

పులివెందులలో గది పెద్దది, గాలీ వెలుతురూ బాగుండేవి. అక్కడ సాయంత్రాలు జమ్మలమడుగులో మొదటి నెలలకన్నా పొడుగ్గా గడిచాయి. ఇల్లు గలవాళ్ళు పైఊళ్ళో ఉండేవారు. వెళ్ళి అవ్వను చూడాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. బస్సు మారాలి, ఎండ, దిద్దాల్సిన పేపర్లు, ఏదో ఒకటి అడ్డొచ్చేది.

వేసవి సెలవుల్లో మా ఊరికి వెళ్తూ ప్రొద్దుటూరులో దిగినప్పుడు, అవ్వ ఒకప్పుడు చెప్పిన గుర్తుతో ఆమె పిన్నమ్మ కొడుకు దర్జీ అంగడికి వెళ్ళాను. ఆయన మిషన్ ఆపి, "అక్క వానల్లో పోయింది సార్" అన్నాడు.

"దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"పక్కింటామె ఉన్నింది. చెయ్యి పట్టుకునుండిందంట."

ఆయన టీ తెప్పించాడు. ఇద్దరం తాగాము. తర్వాత నేను జమ్మలమడుగు వైపు కాక, మా ఊరి దారిన మైదుకూరు బస్సెక్కాను.