బాట వేసినోళ్లు వద్దా?

మొన్న శుక్రవారం పొద్దున మా పొరుగింటి డ్రైవర్ చిచ్చా పోయారు. నాలుగు రోజుల జ్వరం. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

బిజినేపల్లి మీదుగా వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ మధ్య తిరిగే కంపెనీ బస్సును ఆయన చాలా ఏళ్లు నడిపారు. యుద్ధం వచ్చి పెట్రోలు దొరకక, బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించి ఆ గ్యాసుతో నడిపిన రోజుల్లో ఆయన ఒళ్లంతా మసే. ముసలమ్మలకు చేయి అందించే ముందు మాత్రం రుమాలుతో చేతులు తుడుచుకునేవారు. ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే, "ఉరకకు బిడ్డా, బస్సు నీ కోసమే గదా ఉన్నది" అనేవారు. కంపెనీ అలా అనుకోలేదు. ఆ దారిలో మరో బస్సు తిరగకుండా సర్కారు నుంచి ఇజారా, అంటే గుత్త హక్కు, సంపాదించింది. రోగులను ఎక్కించుకోవద్దని డ్రైవర్లకు హుకుం ఇచ్చింది. తక్కినవాళ్లు ఎక్కడం మానేస్తారట!

ఆ ఏడు మా చెల్లెలికి నొప్పులు మొదలై, మంత్రసాని ఇక తన వల్ల కాదంది. దవాఖాన నాగర్‌కర్నూల్లో. పొద్దుటి బస్సుకు అడ్డం నిలబడి దండం పెట్టాను. పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం బస్సు చిచ్చాది. ఆపారు. లోపల సగం సీట్ల మీద కంపెనీ వాళ్ల పల్లికాయ బస్తాలు. వాటి పక్కన కూర్చున్న కంపెనీ ఏజెంటు లేచి నిలబడ్డాడు.

"కంపెనీ పెట్టింది యాపారానికి. ధర్మానికి గాదు."

"ఏజెంటు సాబ్, గీ బాట ఎవరేసిండ్రు?" అన్నారు చిచ్చా. "గీ పిల్ల మొగడు వెట్టికొచ్చి కంకర కొట్టలే? మీకు బాట కావాలె, బాట వేసినోళ్లు వద్దా?"

జవాబు కోసం ఆగలేదు. బస్తాలు దించి రోడ్డు పక్కన పడేసి, చెల్లెలిని పడుకోబెట్టారు.

చెల్లె బతికింది. బిడ్డ దక్కలేదు. పొద్దున్నే తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవారని డాక్టరు అన్నాడు.

మరునాడే చిచ్చాను పనిలోంచి తీసేశారు. ఆయనను వెంటబెట్టుకుని పదిమందిమి సర్కారు కచ్చేరికి ఫిర్యాదుకు పోయాం. అధికారి ఇజారా కాగితం తిప్పి తిప్పి చూసి, "రోగులను ఎక్కించుకోవాలని ఇందులో రాసి లేదే" అన్నాడు.

"గట్లయితే ఇప్పుడు రాయుండ్రి సారూ" అన్నారు చిచ్చా.

అధికారి కాగితం మడిచాడు. ఈనాటికీ ఎవరూ రాయలేదు. జనం వేసిన బాట మీద నడుస్తూ, జనం ప్రాణం తనకు పట్టదనే హక్కు కంపెనీకి ఎవరిచ్చారు? లాభం తీసుకోవద్దని చిచ్చా ఎన్నడూ అనలేదు. "తిననీ. తినెటోనికి పెట్టే గుణం గూడ ఉండాలె" అనేవారు. ఆ గుణం దానంతటది రాకపోతే చట్టం పెట్టి రప్పించాలంటాను నేను.

తర్వాత ఆయన ఎద్దుల బండి కట్టుకుని సరుకులు తోలుతూ బతికారు. ఎవరికి బాగా లేదన్నా సరుకు దించేసి, గడ్డి పరిచి దవాఖానకు తోలేవారు. రెండో కాన్పుకు మా చెల్లెలు ఆ బండిలోనే పోయింది. మేనల్లుడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

జనాజా ఆ రోడ్డు మీదుగానే సాగింది. తురకలు, రైతులు, మాదిగవాడ వాళ్లు దారి నిండా ఉన్నారు. వెనక కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ జరగలేదు. కాసేపటికి ఇంజను ఆగింది. కొత్త డ్రైవరు దిగి, గబగబా నడిచి వచ్చి, మా చెల్లెలి మొగుడి పక్కన జనాజాకు భుజం పట్టాడు. కిటికీలోంచి ఏజెంటు కేకలేస్తూనే ఉన్నాడు. ఆ డ్రైవరు వెనక్కి చూడలేదు.