జడ కూడా ఒళ్లే

నిన్న పొద్దున్న ఊరి ఆటల సంఘం కార్యదర్శినంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. వాళ్ల వార్షిక సంచికకు నేనొక పేజీ రాయాలట. "చిన్ననాటి ఆటలే శీలాన్ని తీర్చిదిద్దుతాయి, భవిష్యత్తుకు బాట వేస్తాయి అని మీలాంటి చదువుకున్నవారు రెండు మంచి ముక్కలు రాస్తే..." అన్నాడు. ఆ ముక్కలేవో ఆయనే తేల్చుకుని వచ్చాక ఇక నా కలం దేనికో నాకర్థం కాలేదు. "మిమ్మల్ని ఎవరైనా జుట్టు పట్టుకుని మట్టిలో ఈడ్చారా?" అని అడిగాను. కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. అడిగాడు కనక రాస్తున్నాను. మంచి ముక్కలే కావాలంటే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు.

నేను పుట్టి పెరిగింది రంగూనులో. ఇది పంతొమ్మిదివందల ఇరవైలనాటి మాట. నాన్న రేవులో గుమాస్తా. తామ్వే అనే పేటలో చెక్క ఇల్లు. వాన పడితే ఇంటికింద కప్పలు, ఇంట్లో మా మేనత్త, పోటీ పడి అరిచేవి. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది కాబట్టి ఇల్లు, నాన్న, నేను, ముగ్గురమూ అత్త కిందే ఉండేవాళ్లం. ఆవిడ ప్రపంచంలో ప్రేమించిన వస్తువు ఒక్కటే, నా జడ. నడుం దాటి వేలాడేది. ఆదివారం వచ్చిందంటే గిన్నెడు కొబ్బరినూనె దానికి పట్టించి, మెడ విరిగేలా లాగి అల్లేది. ఆ నూనె వాసనకు బళ్లో నా పక్కన కూర్చున్న బర్మా పిల్లలు ముక్కులు తిప్పుకునేవారు. ఆ ఏడు అత్త ఆపేక్ష మరీ ముదిరింది. వానలు వెనకబట్టగానే శ్రీకాకుళం వైపునుంచి ఒకావిడ తన కొడుక్కి పిల్లను చూసుకోవడానికి ఓడలో వస్తోంది. ఆవిడ వచ్చి ఒప్పుకుంటే నా చదువు అక్కడితో సరి. నాకేమో పైక్లాసు చదవాలని ఉంది. ఆ సంగతి నాన్నతో అంటే ఆయన అత్త వైపు చూశాడు. అత్త, "సదివి ఏటి సేత్తావే? ఓడలు నడుపుతావేటి?" అంది. విచారణ అంతటితో ముగిసింది.

బళ్లో ఆటలు చూసే పంతులమ్మ బర్మా ఆవిడ. పంతులమ్మను అక్కడ సయామ అంటారు. ఆడపిల్లలు పరిగెత్తకపోతే బుద్ధి పులిసిపోతుందని ఆవిడ నమ్మకం. ఎవరి ఆట వాళ్లనే తెచ్చుకోమంది. తెలుగు పిల్లలం చెడుగుడు తెచ్చాం. తామ్వే వాళ్లం ఒక జట్టు, చిమిండైంగ్ పేట వాళ్లు ఒక జట్టు, మొత్తం మూడాటలు. సయామకు చెడుగుడు తెలీదు. మేం చెప్పిందే నోటుపుస్తకంలో రాసుకునేది. అంటే ఎవరు గట్టిగా వాదిస్తే వాళ్లదే చట్టం. నాకు అంతకంటే ఏం కావాలి?

చిమిండైంగ్ జట్టు నాయకురాలు నా ఈడుదే. మోకాళ్లదాకా జడ, దానికి తగ్గ గర్వం. మొదటి ఆటలో నేను కూతకు వెళ్తే పిల్ల గిర్రున తిరిగి తప్పించుకుంది గానీ, జడ కొస నా వేళ్లకు తగిలింది. "తగిలింది! పో అవతలికి!" అన్నాను.

"జుట్టు తగిలితే ఏటి? ఒంటికి తగిల్నేదు!"

"నీ జుట్టు నీ ఒంటిది కాదేటి? ఎరువు తెచ్చుకున్నావా?"

సయామ మా గొడవంతా బర్మా మాటల్లో చెప్పించుకుంది. ఆలోచించింది. ఆ పిల్ల జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పిల్ల "అమ్మా!" అంది. నొప్పి పుట్టింది కాబట్టి జడ కూడా ఒళ్లేనని పుస్తకంలో రాసేసింది. ఆట మాది. ఆ రాత్రి నాకన్నా తెలివైనది బర్మా దేశంలో లేదనుకుంటూ పడుకున్నాను.

రెండో ఆటకు ఆ పిల్ల జుట్టంతా నడినెత్తిన బర్మా కొప్పు చుట్టుకుని, దువ్వెన గుచ్చుకుని దిగింది. పట్టుకోవడానికి ఒక్క వెంట్రుక కూడా వేలాడడం లేదు. నేను కూతకు వెళ్లి ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగానో లేదో, నా జడ ఆమె మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. గీత నాలుగడుగుల్లో ఉంది. మట్టిలో బోర్లా పడి ఈడ్చుకుపోతూ కూడా చెడుగుడు, చెడుగుడు అంటూనే ఉన్నాను. మట్టి నోట్లోకి వచ్చాక ఊపిరి తెగింది. "ఎరువు తెచ్చుకున్నావేటే?" అంది పైనుంచి. పిల్లలంతా నవ్వారు. మా జట్టు వాళ్లు కూడా.

నాకూ కొప్పు కావాలని అత్తనడిగాను. "బర్మా కొప్పా? ఓడ దిగొచ్చేది నీ జడని సూడ్డానికే, నిన్ను కాదు!" అంది. బళ్లో నేనే చుట్టి చూశాను. నూనె మహత్యం, నాలుగడుగులు వేసేసరికి జారి వీపుమీద పడింది. సరే. మూడో ఆట రోజు పొద్దున్న అత్త పంపు దగ్గర ఉండగా వంటింట్లో చేపలు కోసే కత్తిపీట ముందు కూర్చున్నాను. అల్లిన జుట్టు వంకాయలా తెగదు. పరపరా రాసి రాసి తెంపాల్సి వచ్చింది. తెగిన జడను రుబ్బురోలు మీద చుట్టగా పెట్టి బడికి పోయాను. తర్వాత అది చూసి అత్త పామనుకుని వీధిలోకి పరిగెత్తిందట. అది చూసే భాగ్యం నాకు కలగలేదు.

ఈ కథ తెలిసిన నా విద్యార్థినులు కొందరు, పెళ్లి తప్పించుకోవడానికి జడ కోసుకున్న ధీరురాలినని నన్ను పొగుడుతుంటారు. అబద్ధం. ఆ క్షణాన పెళ్లీ గుర్తు లేదు, చదువూ గుర్తు లేదు. ఆ పిల్లను ఓడించాలి, అంతే. ఆట నాకు నేర్పిన శీలం అదీ, పగ.

పోనీ గెలిచానా? నన్ను చూసి ఆ పిల్ల "ఓలమ్మో, మగోణ్ని తెచ్చుకున్నార్రా!" అంటూ కడుపు పట్టుకుని నవ్వింది. నేను కూతకు వెళ్లగానే చీలమండ దొరకబుచ్చుకుని కూలదోసింది. చీలమండ కోసుకోలేం కదా. ఓటమిని నవ్వుతూ తీసుకునేదే అసలైన ఆటగత్తె అని సయామ నా వీపు తట్టింది. నేను నవ్వలేదు. ఇప్పటికీ నవ్వు రావడం లేదు.

నెల తిరక్కుండా ఓడావిడ వచ్చింది. చాపమీద కూర్చుని నా చుట్టూ ఒకసారి చూసి, "జడేదే?" అంది. అత్త, "విషజ్వరం తగిలిందమ్మా, జుట్టంతా రాలిపోనాది" అంది. ఆట పిచ్చితో కోసుకుందని నిజం చెప్పినా ఆవిడ నవ్వి ఊరుకునేదేమో. జ్వరమనేసరికి చాప కొసకు జరిగింది. "జబ్బు గుంటని ఎలాగ సేసుకుంటాం? పెరిగినాక సూద్దాం" అని తాంబూలం ముట్టకుండా లేచింది. ఆవిడ గడప దాటగానే అత్త నన్ను చీపురు తిరగేసి కొట్టింది. బడి మాన్పించమంది. అప్పుడు నాన్న నోరు విప్పాడు. "ఈ తలకాయతో ఇంట్లో ఉంటే వచ్చినోళ్లందరికీ ఏటని సెప్తాం? జుట్టు పెరిగేదాకా బళ్లోనే పడి ఉండనీ." ప్రేమ కాదు, సిగ్గు. ఆ సిగ్గు పుణ్యమా అని మూడేళ్లు చదివాను. జడ మళ్లీ నడుం దాటేసరికి నేను పై పరీక్ష ప్యాసై ఉన్నాను. కాలేజీ మెట్లెక్కనివ్వకపోతే మళ్లీ కత్తిపీట ఉందని ఇంట్లో వాళ్లకు తెలుసు.

ఓడావిడ మాత్రం వట్టి చేతులతో పోలేదు. ఆ వారమే చిమిండైంగ్ వెళ్లింది. అక్కడ మోకాళ్లదాకా జడ ఉన్న పిల్ల దొరికింది. అదే ఓడలో, నన్ను మట్టి కరిపించిన ఆ పిల్ల తెలుగుదేశం వెళ్లిపోయింది. మా అందరిలోకీ ఆట బాగా వచ్చింది ఆమెకే. ఊపిరి ఆమెదే, ఒడుపు ఆమెదే. మర్నాడు సయామ హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టేసి తర్వాతి పేరు పిలిచింది. నేను ఆమెమీద జాలి పడనని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకుని ముప్పయ్యేళ్లు కావస్తోంది. ఆమె ఎక్కడుందో తెలిస్తే ఇవాళ కూడా వెళ్లి తగువు వేసుకుంటాను. అంత ఆట చేతిలో పెట్టుకుని, ఆ చాపమీద ఎలా కూర్చున్నావే అని అడుగుతాను. ఏం చెబుతుందో కూడా నాకు తెలుసు. పద్నాలుగేళ్ల పిల్లను ఎవరడిగారు గనక? ఆ రోజుల్లో ఆడపిల్లకు ఇంత గడువని ఎవరూ ఇచ్చేవారు కాదు. నాకు మూడేళ్లు దొరికాయంటే, వెంట్రుకలు ఎవరు తొందరపెట్టినా వాటి తీరిక చొప్పునే పెరుగుతాయి గనక.