ఆమె గుండెకు కొడుకు జవాబు

గుండెకు కొత్త వైద్యాన్ని తమ మీద పరీక్షించనివ్వడానికి మనవాళ్ళు ముందుకు రారని మాంచెస్టర్‌లో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ట్రామ్‌లో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటు పెద్దావిడ మాట కలిపింది. యూనివర్సిటీ ఆసుపత్రిలో కొత్తరకం గుండె వాల్వు (కవాటం) మీద పరిశోధన జరుగుతోందట. చేరతారా అని డాక్టరు అడిగాడట.

“మరి మీరేమన్నారు ఆంటీ?”

“నాకు ఇంగ్లీషు రాదుగా, డాక్టరు అడగ్గానే మావాడే ‘నో’ అనేశాడమ్మా. నన్నడిగితే సరే అనేదాన్ని.”

ఎదుటి సీట్లో కొడుకు ఫోన్ లోంచి తలెత్తాడు. “అమ్మకివన్నీ అర్థం కావండీ.”

“ఆవిడ గుండె గురించి ఆవిడకు అర్థం కాదా? నువ్వేమన్నా అద్దెకిచ్చావా?” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నా చేయి గట్టిగా పట్టుకుంది.

కొడుకు సంగతి సరే. తెలుగులోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించగలిగిన ఆ డాక్టరు, ఒక్కసారి ఆమె వైపు తిరిగి ఎందుకడగలేదు?