పప్పు ఉడికే నీళ్లు

జమ్లీ ఏ నీళ్లనైనా పప్పు వేసి తూచేది. తొందరగా మెత్తబడితే మంచి నీళ్లు, ఎంత మంట పెట్టినా పలుకు పోకపోతే చెడ్డవి. చివ్వెంల దగ్గరి తండాలో వాళ్లమ్మ కూడా అట్లాగే చూసేదట. సూర్యాపేటలో ఈశ్వరమ్మ మెస్సులో వంటకు కుదిరాక కూడా ఆమెది అదే పద్ధతి. ఆ వాడలో రెండు బోరింగులుండేవి. వీధి చివరి దాని నీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు. మెస్సు ఎదుటి దాని నీళ్లు తియ్యన. ఇంటికీ మెస్సుకూ ఏళ్ల తరబడి ఆ తియ్యటివే మోసింది.

తొంభై ఒకటి ఎండాకాలంలో వెంకటేశం అనే నీళ్ల పరీక్షలాయన రెండు బోరింగుల నుంచీ సీసాలు నింపుకుపోయాడు. మళ్లీ వచ్చి మెస్సు ఎదుటి దానికి తాగొద్దన్న గుర్తుగా ఎర్ర రంగు వేయించాడు. జమ్లీ బిందెతో అక్కడే ఉంది.

"దీంట్ల ఫ్లోరైడ్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాములున్నదమ్మా. తాగేటందుకు ఒకటి లోపలుండాలె. వేరే నీళ్లు లేకుంటే ఒకటిన్నర దాక చల్తది."

"మరి గా ఉప్పు బోరింగు?"

"ఒకటింబావు."

"అంటే గది గూడ మంచిది కాదన్నట్టే గద సారూ."

"దీనికన్న నయం."

"పప్పుడకని నీళ్లు నయమా! మీ ఇంట్ల వంట ఎవలు జేస్తరు?"

వెంకటేశం నవ్వాడు. అంతలో ఆమె మనవరాలు మంగ్లీ నడిచి వచ్చింది. కూతురు కౌసల్య కోదాడలో కూలి చేసుకుంటూ తల్లి దగ్గర ఉంచిన పిల్ల. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆయన నవ్వు ఆపేశాడు.

"ఈ పిల్లకు మాత్రం ఈ నీళ్లు పోయకమ్మా. ఎముకలు ఇంక వంకర పోతయ్."

"మరగబెడితే?"

"పోదు. నీళ్లు ఇగిరి ఇంక చిక్కనైతది."

ఆ పూట నుంచి ఇంట్లో ఉప్పునీళ్లే. అయితే మంగ్లీ రెండు పూటలా తినేది మెస్సు పప్పే. ఆ సంగతి జమ్లీకి గరిటె తిప్పుతుండగా తట్టింది. మర్నాడు మెస్సు పప్పుకూ ఉప్పునీళ్లే పోసింది.

"పప్పుల రాళ్లేసినవానే?" అంది ఈశ్వరమ్మ. "లారీలోళ్లు మిర్యాలగూడ దాక నములుకుంట పోవాల్నా?"

"పిల్ల తింటది గదమ్మా."

"నేనూ గా తియ్యటి నీళ్లే తాగుతున్న. సచ్చిన్నా? గిరాకి పోతే మెస్సు ఖతం."

జమ్లీ గరిటె కడిగి బోర్లించి, పిల్లను తీసుకుని కోదాడ బస్సెక్కింది.

కోదాడలో కౌసల్య వాళ్లు సాగర్ కాలువ నీళ్లు తాగేవారు. బురద తేర్చి, బట్టతో వడగట్టి పోసేది జమ్లీ. వాటిలోనూ పప్పు ఉడికింది. ఎర్ర రంగు బోరింగు నీళ్లలోనూ ఉడికేది కాబట్టి ఆ పరీక్ష మీద ఆమెకు నమ్మకం పోయింది.

రెండేళ్లకు మిర్యాలగూడ దవాఖానాలో మంగ్లీ కాళ్లకు ఎక్స్‌రే ఫోటో తీశారు.

"వంకర ఎక్కువ కాలేదు," అన్నాడు డాక్టరు.

"తక్కువైతదా?"

"ఆపరేషన్ చెయ్యాలె. పెద్దగైనంక సూద్దాం."

"సరే," అంది జమ్లీ.

ఆ ఎండాకాలం కాలువకు నీళ్లు కట్టేశారు. వాళ్ల వాడలో మిగిలింది ఒక బోరింగే. దానికి ఏ రంగూ లేదు, ఎవరూ సీసాలు పట్టుకుని రాలేదు. పక్కింటామెను అడిగితే "మంచి నీళ్లేనమ్మా, పప్పు ఇట్టే ఉడుకుద్ది" అంది.

జమ్లీ బిందె నింపుకొచ్చి దించింది. మంగ్లీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. జమ్లీ పోసింది.